మాట తోడు లేని పటం

భాద్రపద బహుళ అమావాస్య నాడు అనంతపురం జిల్లాలోని ఉరవకొండ చుట్టుపక్కల ఇళ్లలో గోడ మీది పాత పటాలు కిందికి దిగుతాయి. అద్దం మీది దుమ్ము తుడుస్తారు, బొట్టు పెడతారు, దండ వేస్తారు, కొత్త బట్టలు మడిచి ముందు పెడతారు, వండినవన్నీ ఆకులో వడ్డిస్తారు. మగ్గం నేసే ఇళ్లలోనూ, వేరుశనగ పండించే ఇళ్లలోనూ చిన్నచిన్న తేడాలతో ఇదే పద్ధతి. దీన్ని పెద్దలను తలుచుకోవడం అంటాం. అయితే ఆ దండ వేసే చేతుల్లో చాలావాటికి పటంలోని మనిషి తెలియదు. ఆయన పోయి యాభై ఏళ్లయి ఉంటుంది, దండ వేసే పిల్లవాడికి ఇరవై నిండి ఉండవు. ఎన్నడూ చూడని మనిషిని తలుచుకోవడం కుదిరే పనేనా? కుదరకపోతే పటం ముందు మనం చేసేది ఏమిటి? పూజా, అలవాటా, మరొకటా? పైకి ఇది ఇంటి ఆచారానికి సంబంధించిన చిన్న సందేహంలా కనిపిస్తుంది గానీ, జ్ఞాపకం అంటే ఏమిటి, చనిపోయినవారికి మనం ఏం బాకీ పడ్డాం అన్న రెండు పెద్ద ప్రశ్నలు దీనిలో ఉన్నాయి. నా వాదం ఇది: ఫోటో దానంతట అది జ్ఞాపకం కాలేదు. అది సగం మాత్రమే. ఆ మనిషిని ఎరిగినవారి మాట మిగతా సగం. మన సంప్రదాయం పితృఋణం అని పిలిచిన బాకీ తీరేది కూడా ఆ రెండో సగంతోనే.

జ్ఞాపకం సంగతి తేల్చుకోవడానికి తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం చాలు. తర్కం మొదలుపెట్టే విద్యార్థి చేతికి ఇప్పటికీ అందే తొలి పుస్తకం అదే. జ్ఞానాన్ని అందులో అనుభవం, స్మృతి అని రెండుగా విడదీశాడు. ఒకసారి కలిగిన అనుభవం లోపల సంస్కారంగా నిలిచిపోతుంది, ఆ సంస్కారం నుంచి మాత్రమే పుట్టే జ్ఞానం స్మృతి. ఈ లెక్కన అనుభవం లేనిచోట సంస్కారం ఉండదు, సంస్కారం లేనిచోట స్మృతి పుట్టదు. పోలిక ఉన్న వస్తువు కంటబడినప్పుడు నిద్రలో ఉన్న సంస్కారం మేలుకుంటుందని నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, అంటారు. తాత చేతి ముద్ద తిన్న మనవరాలి విషయంలో పటం చేసే పని సరిగ్గా అదే. ఆమె పటం చూడగానే తాత గొంతు, ఆయన కట్టిన పంచె, కోపం వచ్చినప్పుడు ఆయన నడిచే తీరు అన్నీ కదిలి వస్తాయి. ఆమె కూతురు అదే పటం ముందు నిలబడితే మేలుకోవడానికి లోపల ఏమీ లేదు. ఆ పిల్లకు కనబడేది కుర్చీలో నిటారుగా కూర్చున్న తలపాగా పెద్దమనిషి, అంతే. ఆయన తన ముత్తాత అన్న సంగతి కన్ను చెప్పలేదు, ఇంట్లో ఎవరో చెప్పారు. ప్రత్యక్షం ఆగిపోయిన చోట శబ్దం, అంటే నమ్మదగినవారి మాట, మొదలైంది. తరం మారేసరికి ఒకే పటం జ్ఞాపకాన్ని లేపే వస్తువు నుంచి, ఎవరైనా చెబితే తప్ప అర్థంకాని వస్తువుగా మారిపోతుంది.

సంస్కృత నాటకకర్తలు ఈ తేడాను తర్కసంగ్రహం కంటే ముందే పట్టుకున్నారు. భవభూతి ఉత్తరరామచరితం మొదటి అంకంలో లక్ష్మణుడు సీతారాములకు వారి వనవాసపు చిత్రాలు చూపిస్తాడు. జరిగిపోయిందంతా తెలిసినా సీత భయపడుతుంది, ఇది చిత్రమే కదా అని రాముడు ఊరడించాల్సి వస్తుంది. ఆమె లోపల సంస్కారం ఉంది కాబట్టి రంగులు చాలాయి. భాసుడి ప్రతిమానాటకంలో దీనికి పూర్తిగా ఎదురైన సన్నివేశం ఉంది. మేనమామ ఇంటి నుంచి వస్తున్న భరతుడు అయోధ్య పొలిమేరలో ఒక మందిరంలోకి వెళతాడు. లోపల నిలబెట్టిన విగ్రహాలు దేవుళ్లవి అనుకుని మొక్కబోతే అక్కడి కాపరి ఆపుతాడు. వీరు ఇక్ష్వాకు రాజులని చెప్పి దిలీపుడు, రఘువు, అజుడు అంటూ ఒక్కొక్కరినే చూపిస్తాడు. బతికి ఉన్నవారి విగ్రహాలు కూడా పెడతారా అని భరతుడు అడుగుతాడు. పెట్టరు, పోయినవారివి మాత్రమే అన్న జవాబు వస్తుంది. ఆ వరుసలో చివరిది దశరథుడిది. తండ్రి మరణం భరతుడికి తెలిసింది అలాగే. తన తాత ముత్తాతల ముందే నిలబడి, వాళ్లెవరో తెలియక దేవుళ్లనుకున్న యువరాజు అతడు. శిల్పి నైపుణ్యం అతడికి వంశాన్ని చూపించలేకపోయింది. ఆ పని చేసింది కాపరి నోరు. మన ఇళ్ల గోడల మీద ప్రతిమాగృహాలు ఉన్నాయి గానీ కాపరులు తగ్గిపోతున్నారు.

ఫోటోను విగ్రహంతోనూ చిత్రంతోనూ కలిపి మాట్లాడడం న్యాయమా అని ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. చిత్రకారుడు చూడని మనిషినైనా ఊహించి గీస్తాడు. ఫోటోకు మాత్రం ఆ మనిషి అక్కడ ఉండి తీరాలి. ఆయన ఒంటి మీద పడిన వెలుగే వెళ్లి పలకకు తగిలి గుర్తు వదిలింది. అందువల్ల ఫోటో జాతి చిత్రం కంటే పాదముద్రకు దగ్గర. ఉరవకొండవారికి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. దగ్గరలోని పెన్న అహోబిలంలో లక్ష్మీనరసింహస్వామి ఆరాధన స్వామి పాదముద్రకే జరుగుతుంది. అమరావతి శిల్పులు కూడా చాలా పలకల మీద బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా పాదాలు, ఖాళీ ఆసనం చెక్కి ఆయన ఉన్నట్టు చెప్పారు. ఒకరు ఇక్కడ నిలబడ్డారు అనే సాక్ష్యం ముద్రకు ఉన్నంతగా బొమ్మకు లేదు. ఫోటోకు ఉన్న గొప్పతనమూ అదే. కానీ ముద్ర దగ్గర కూడా మాట లేకుండా పని జరగదు. రాతిలోని ఆ అడుగు ఎవరిదో చెప్పేది స్థలపురాణం, దాన్ని తరతరాలుగా వినిపిస్తూ వచ్చిన అర్చకులు, భక్తులు. ఎవరో ఒకరు ఉన్నారనే వరకు ముద్ర ఒప్పుకుంటుంది. ఎవరు అన్నదానికి అది జవాబివ్వదు.

1940 అక్టోబరులో ఉరవకొండలో తీసిన ఒక ఫోటో గురించి సత్యసాయి భక్తులు చెప్పుకునే సంగతిని ఈ వెలుగులో చూడవచ్చు. అప్పటికి ఆయన ఆ ఊళ్లో హైస్కూలు చదువుతున్న పిల్లవాడు. తోటలో కూర్చున్న ఆయనను ఒకరు ఫోటో తీయబోయారనీ, ముందున్న ముతక రాయిని తొలగించమంటే ఆయన వినలేదనీ, బొమ్మ కడిగాక ఆ రాయి చోట షిర్డీ సాయిబాబా రూపం కనబడిందనీ ఎన్. కస్తూరి రాసిన జీవితచరిత్రలో ఉంది. నమ్మడం, నమ్మకపోవడం ఎవరి విశ్వాసం వారిది, ఆ తగవులోకి నేను పోవడం లేదు. ఈ కథనంలో నా వాదానికి కావలసింది గుర్తింపు అనే ఒక్క అంశం. షిర్డీ సాయి 1918లోనే దేహం చాలించారు. ఆ ముద్రలో కనబడిన రూపం ఆయనదేనని ఒకరు గుర్తుపట్టారంటే, ఆయన ఇలా ఉంటారని అంతకు ముందే మరో పటమో మరో మనిషో వారికి చెప్పి ఉండాలి. అద్భుతం జరిగిందని నమ్మేవారికి కూడా ఆ అద్భుతం తెలియడానికి ముందు ఒక మాట అవసరమైంది. మన తాత పటం అంత పెద్ద సంగతి కాకపోయినా నియమం ఒకటే.

మాట పూర్తిగా తెగిపోతే ఏమవుతుందో ఈ నేలకే బాగా తెలియాలి. 1876–78 మధ్య ధాత సంవత్సరపు కరువు మద్రాసు రాజధానిని తుడిచిపెట్టింది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. అంతకు ముందు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగం, ఆ కరువుకు తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలోబీ వాలెస్ హూపర్ అప్పుడు కరువు బాధితులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఎముకలు లెక్కపెట్టగలిగే ఆ శరీరాలు నేటికీ ప్రపంచంలోని గ్రంథాలయాల్లో, పుస్తకాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ముఖాలు స్పష్టంగానే ఉన్నాయి, పేర్లు మాత్రం లేవు. వారిలో ఎవరు ఎవరి అవ్వ, ఎవరి ముత్తాత అన్నది చెప్పగల నోరు ఒక్కటీ మిగల్లేదు. వారి సంతానం ఎక్కడైనా బతికి బట్టకట్టి ఉంటే, ఆ మనవలు ఈ రోజు ఆ ఫోటో చూసినా కరువును చూస్తారు గానీ తమ పెద్దను చూడరు. రసాయనం దృష్టితో చూస్తే ఆ ఫోటోలకు వచ్చిన లోటేమీ లేదు. వంశం దృష్టితో చూస్తే అవి సున్నా. ఫోటో ఒక్కటే చాలనేవారికి ఇంతకు మించిన సమాధానం ఉండదు.

దీనికి అచ్చంగా తిరగేసిన పద్ధతి మన కర్మకాండలో ఉంది. తర్పణం విడిచే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతలను వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా భావించి పేరు, గోత్రం చెప్పి నీళ్లు వదులుతారు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా వస్తాయి. అక్కడ ముఖంతో పనే లేదు. ఉండేవి దర్భలు, నువ్వులు, నీళ్లు, ఒక పేరు, ఒక చుట్టరికం. ఫోటో ముఖాన్ని ఇచ్చి పేరును వదిలేస్తే తర్పణం పేరును నిలిపి ముఖాన్ని వదిలేసింది. రెండింటిలో ఏది మరణించినవారిని మనవారిగా నిలబెట్టగలదో వేల ఏళ్ల ఆచారం ఏనాడో తేల్చుకుంది. విగ్రహాలు పోయించిన రాజులకూ ఈ సంగతి తెలుసు. తిరుమల ఆలయంలో మొక్కుతూ నిలబడ్డ కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవిల లోహవిగ్రహాల మీద వారి పేర్లు చెక్కి ఉన్నాయి. సామ్రాజ్యం ఏలినవాడికే రేపు తనను గుర్తుపట్టరేమోనన్న అనుమానం ఉన్నప్పుడు, మగ్గం గుంటలో జీవితం గడిపిన తాతకు ఎంత ఉండాలి? అవ్వల సంగతి ఇంకా కష్టం. రాయలసీమ ఇళ్లలో అవ్వ అనో జేజి అనో పిలిచి పెరిగిన మనవలు చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు, పుట్టినూరు అంతకంటే తెలియదు. జంట ఫోటోలో ఆమె కుర్చీ పక్కన నిలబడి ఉంటుంది, వెనక రాత ఉంటే గింటే తాత పేరొక్కటే ఉంటుంది.

పితృఋణం అనే భావనను ఈ చోటే సరిగ్గా చదువుకోవాలి. బ్రాహ్మణుడు పుడుతూనే ఋషులకు, దేవతలకు, పితరులకు బాకీ పడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. చదువుతో ఋషుల బాకీ, యజ్ఞంతో దేవతల బాకీ తీరతాయి. పితరుల బాకీ తీరేది సంతానంతో. ఇందులో ఒక విశేషం ఉంది. అప్పు ఇచ్చినవాడు వెనక ఉన్నాడు, తీర్చవలసింది ముందు తరానికి. తాతకు పడిన బాకీని తాతకే తిరిగి ఇవ్వడం కుదరదు, మనవడికి ఇవ్వాలి. అయితే పిల్లల్ని కనడంతోనే ఆ లెక్క ముగిసిందనుకుంటే పశువులకూ ఆ ఋణం తీరినట్టే. పితరులు మనకు ఇచ్చింది ఒళ్లు ఒక్కటే కాదు, ఒక పేరు, ఒక భాష, ఒక బతుకు తీరు కూడా ఇచ్చారు. వాటిని ముందుకు అందించినప్పుడే సంతానం అనే మాట నిండుతుంది. పటం ఆ లెక్కలో ప్రోనోటు వంటిది. అది బాకీ ఉందని రుజువు చేస్తుంది, దాన్ని తీర్చదు. నోటును అద్దాల చట్రంలో బిగించి దండ వేసినా అసలు అసలుగానే ఉంటుంది.

దీని మీద వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. మాట నమ్మదగినదా? పెద్దలు పెంచి చెబుతారు, చాలాసార్లు దాచి చెబుతారు. అప్పుల పాలై పొలం అమ్మిన తాత దానకర్ణుడిగా మారతాడు, అవ్వను కొట్టిన తాత సింహంలాంటి మనిషి అవుతాడు. ఫోటో అబద్ధం చెప్పదు కదా అంటారు. ఫోటో కూడా అమాయకమైనదేమీ కాదు. పాత స్టూడియోలో వెనక తెర, చేతి కింద బల్ల, కొన్నిసార్లు ఒంటి మీది కోటు కూడా స్టూడియోవే. గుంపు ఫోటోలోంచి ఒక తల తీసి పెద్దది చేయించి, కింద లేని కోటు గీయించిన పటాలు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. బతికినన్నాళ్లూ ఒక్క ఫోటో కూడా లేక, పోయాక కుర్చీలో కూర్చోబెట్టి తీయించినవీ ఉన్నాయి. నైయాయికులు ఎవరి మాట పడితే వారి మాటను ప్రమాణం అనలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పే ఆప్తుడి మాటనే అన్నారు. అందుచేత నలుగురిని అడగాలి, మేనత్త చెప్పిందీ చిన్నాయన చెప్పిందీ పక్కపక్కన పెట్టి చూడాలి. పటం ఇక్కడే అక్కరకు వస్తుంది. అది ఏదీ వివరించలేదు గానీ తప్పును కాదనగలదు. కోటు తాతదా, స్టూడియోదా అన్నది మాట తేలుస్తుంది. తాత ఏనాడూ తలపాగా చుట్టలేదన్న మాటను పటం సరిదిద్దుతుంది. తప్పొప్పులు రెండూ చెప్పడం పెద్దలకు అపచారం అనుకోనక్కర్లేదు. తర్పణం మంత్రంలో పేరుకు ముందు యోగ్యతాపత్రం అడగరు. తప్పులున్న తాతకూ అవే నీళ్లు.

రెండో ఆక్షేపణ అసలు రూపం మీదే. పితరుల పేరిట పిండాలు పెట్టి కాకులను పిలవడాన్ని ఎగతాళి చేసిన వేమనది ఈ సీమే, కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. ఉరవకొండలోనే ఉన్న గవిమఠం వీరశైవ సంప్రదాయానిది. ఇష్టలింగం తప్ప మరో రూపాన్ని కొలవకూడదన్నది ఆ మతానికి పునాది. ఊళ్లోని ముస్లిం ఇళ్లలో పోయినవారికి ఫాతిహా చదువుతారు గానీ చిత్రాన్ని ప్రార్థన దగ్గరికి రానివ్వరు. తాత ఫోటోను దేవుడి గూట్లో పెట్టి హారతి ఇవ్వడం వీరందరి లెక్కలో పొరపాటే. ఆ మేరకు నేను వారి పక్షమే. పెద్దను దేవుణ్ణి చేస్తే ఆ పెద్ద మాయమవుతాడు, ఎందుకంటే దేవుడికి పుట్టినూరు, చేతిపని, ముక్కోపం అక్కర్లేదు. కానీ రూపాన్ని వద్దన్న ఈ సంప్రదాయాలేవీ మాటను వద్దనలేదు. మఠాల్లో గురుపరంపరను వరుసగా చెప్పుకుంటారు. దర్గాల్లో గురువు నుంచి గురువుకు వచ్చిన సిల్సిలాను పేరుపేరునా చదువుతారు. వేమన శరీరం ఈ నేలలో కలిసిపోయినా ఆయన మనకు మిగిలింది నోటి మాటగానే. రూపాన్ని కొలిచేవారూ, కాదనేవారూ కలిసే చోటు ఒకటుందంటే అది పేరు చెప్పి కథ చెప్పడమే.

మాట లేకపోయినా పాత ముఖం మనసును కదిలిస్తుంది కదా అని మూడో ప్రశ్న. ముత్తవ్వ పటంలో తన ముక్కు, తన చుబుకం చూసుకున్న అమ్మాయికి ఏదో తెలిసినట్టే ఉంటుంది. అది నిజమైన జ్ఞానమే, కాకపోతే అది పోలిక వల్ల వంశాన్ని ఊహించడం. ఒంటి గురించి చెబుతుంది, మనిషి గురించి చెప్పదు. ఫ్రెంచి రచయిత రోలాన్ బార్త్ తల్లి పోయాక ఆమె చిన్ననాటి ఫోటో ఒకదానిలో ఆమెను సంపూర్ణంగా కనుగొన్నానని రాశాడు. 1980లో వచ్చిన ఆ పుస్తకంలో ఎన్నో ఫోటోలు వేసి, ఆ ఒక్కటి మాత్రం వేయలేదు. ఆమెను ఎరగని పాఠకుడికి అది ఎవరో ఒక పాప ఫోటో మాత్రమే అవుతుందని ఆయనకు తెలుసు. ఇప్పుడు సాంకేతికత ఈ కదిలింపునే సరుకుగా అమ్ముతోంది. 2021లో మైహెరిటేజ్ సంస్థ పాత ఫోటోలోని ముఖం కనురెప్పలు ఆర్పేలా, తల తిప్పి నవ్వేలా చేసే సౌకర్యం తెచ్చింది. చూసినవారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కానీ ఆ నవ్వు తాతది కాదు, వేరే ఎవరి కదలికో ఆయన ముఖానికి అతికించినది. ఫోటోకు పాదముద్ర వంటి విలువ ఏదైతే ఉందో అది ఆ క్షణంలో పోతుంది. తాత ఎలా నవ్వేవాడో తెలుసుకోవాలనుకునే మనవడికి యంత్రం కంటే ఊళ్లో ఉన్న తొంభై ఏళ్ల పెద్దమ్మ నయం.

ఆ పెద్దమ్మను అడిగే వ్యవధి ఈ ప్రాంతంలో తక్కువ. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వానపడే జిల్లా ఇది, అదీ నమ్మకంగా పడదు. వేరుశనగ ఎండిన ఏడు పిల్లలు బెంగళూరుకో బళ్లారికో పనికి పోతారు. చెప్పేవారు ఊళ్లో ఉంటారు, వినవలసినవారు ఊరు దాటుతారు. పటాన్ని ఫోన్‌లో తీసి బంధువుల గుంపుకు పంపడం క్షణం పని కాబట్టి ముఖాలు ఎన్నడూ లేనంతగా వ్యాపిస్తున్నాయి. వాటి వెంట వెళ్లాల్సిన మాటలు ముసలివాళ్లతో పాటే పోతున్నాయి. కాబట్టి ఈ ఏడు పెద్దల అమావాస్యకు పటం కిందికి దించినప్పుడు ముందుగా దాన్ని వెనక్కి తిప్పండి. మెత్తని పెన్సిలుతో, కాగితం నునుపుగా ఉంటే వేరే చీటీ మీద, ఆ మనిషి పేరు, అవ్వ అయితే పుట్టింటి ఊరు కూడా, చేసిన పని, తెలిసినంతవరకు సంవత్సరం రాయండి. వారి గురించి ఒక మంచి, ఒక లోటు రాయండి. ఈ సంగతులు చెప్పినవారి పేరు కూడా రాయండి, రేపు చదివేవారికి ఆ మాట విలువ కట్టే వీలుంటుంది. రాసింది ఇంట్లోని చిన్నపిల్లల చేత పైకి చదివించండి. ఆ తర్వాత దండ వేయండి.